రెండు సెంట్ల సంస్కృతి

నేను పనిచేసే ఆఫీసు పేరు అనిశ్చిత కాల ఆర్థిక పునరాలోచనా మండలి. పేరంతా బోర్డు మీద ఒక వరసలో పట్టకపోతే, 'మండలి'ని కింద విడిగా రాయించారు. మొదటి ఆలోచన ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో మా ఫైళ్ళలో లేదు. మా పని మాత్రం పునరాలోచన. మంగళవారం, శుక్రవారం, పదకొండు నుంచి ఒంటిగంట దాకా పునరాలోచిస్తాం. నేను సీనియర్ అసిస్టెంటుని. అక్కడ పుట్టిన ఆలోచనలు చల్లారకముందే మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించడం నా ఉద్యోగం.

మా అధ్యక్షులు డాక్టర్ పరాంకుశం గారు. ఆయన దేని మీద డాక్టరో అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు. మొదటి సమావేశంలోనే ఆయన కళ్ళు మూసుకుని ఇలా సెలవిచ్చారు.

"ఆర్థిక శాస్త్రం విఫలమైంది. ఎందువల్ల? దాని కాళ్ళ కింద భూమి లేనందువల్ల. భూమి కూడా విఫలమైంది. ఎందువల్ల? దాని కింద సంస్కృతి లేనందువల్ల. కావున ఈ అనిశ్చిత కాలంలో మనం చేయవలసినది ఒక్కటే. భూమిలో సంస్కృతి ఎక్కడెక్కడ ఉన్నదో గుర్తించి, కొలిచి, నమోదు చేయవలెను."

"మరి సంస్కృతి కింద ఏముంటుంది సార్?" అని ఎవరో సభ్యుడు అడిగాడు. ఈలోగా టీ వచ్చింది.

ఆ మరుసటి వారం ఫారం 7-క తయారైంది. టైపు చేసింది నేనే. అందులో మూడు గళ్ళు. ఈ భూమిలో సంస్కృతి కలదా, లేదా? కలదన్నచో ఎన్ని సెంట్లు? కారణమేమి? మండలానికి రెండు వందల యాభై సెంట్ల సంస్కృతి లక్ష్యమని కూడా నిర్ణయించారు. అంత ఎందుకో, అంతే ఎందుకో నన్నడగొద్దు. రాసుకోమన్నారు, రాసుకున్నాను.

మా మండలంలో పద్నాలుగు ఊళ్ళు. సర్వేయరు మస్తాన్‌ని, అతని గొలుసునీ వెంటేసుకుని నెల రోజులు పొలాల గట్ల మీద తిరిగాను. రైతులు ఫారం చదివించుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, అందరూ ఒకే మాట రాయించారు. లేదు. వాళ్ళని తప్పుపట్టలేం. పొలంలో నల్లరాయి ఉందని చెప్పినవాడి పొలం పోయింది, నీళ్ళున్నాయని చెప్పినవాడి బావి పోయింది. ఇప్పుడు కొత్తగా సంస్కృతి ఉందని చెప్పుకుని ఏం పోగొట్టుకోవాలో వాళ్ళకి తెలీదు. తెలీనప్పుడు లేదనడమే క్షేమమని అనుభవం వాళ్ళకి నేర్పింది.

పదమూడు ఊళ్ళయ్యాయి. సున్నా సెంట్లు. ఖాళీ ఫారాలు పట్టుకెళ్తే పరాంకుశం గారి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ చివరి ఊరి చివరి చేను చేరాం. అది కుళ్ళాయమ్మ చేను. రెండున్నర ఎకరాల నల్లరేగడి, జొన్న. యాభై అయిదేళ్ళ మనిషి. పొద్దున్నించీ కూలివాళ్ళతో పాటు తనూ కోత కోసి, అప్పుడే కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది. చేనంతా కోసేశారు. ఆ చివర రెండు సాళ్ళు మాత్రం కంకులతో అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మీద గిజిగాళ్ళూ చిలకలూ సంత చేస్తున్నాయి.

"ఆ రెండు సాళ్ళు ఎందుకమ్మా వదిలేశారు?" అన్నాను.

"ఆడికొచ్చేసరికి నడుం పట్టుకుంటాది సారూ. ఇంగ చాల్లే అని ఇడిసిపెడ్తాం. మా మామ కాలం నుంచీ అంతే. అవీ తింటాయిలే పాపం."

చేసిన తప్పు నాది. ఒప్పుకుంటున్నాను. పదమూడు ఊళ్ళ ఖాళీ ఫారాలు చంకలో పెట్టుకున్న మనిషికి ఆ రెండు సాళ్ళు ఎలా కనబడతాయో ఆలోచించండి. ఫారం తీసి 'కలదు' అని రాశాను. మస్తాన్ గొలుసు వేసి కొలిచి రెండు సెంట్లన్నాడు. కారణం గడిలో నడుము నొప్పి అని రాయడానికి చెయ్యి రాలేదు. 'పిట్టలకు వాటా వదులు తరతరాల ఆచారం' అని రాసి, కుళ్ళాయమ్మ చేత వేలిముద్ర వేయించాను.

"దీనివల్ల ఏమన్నా అవుతాదా సారూ?" అంది.

"ఏమీ కాదమ్మా, ఊరికే లెక్క కోసం," అన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ మాట కొన్ని వందలసార్లు అని ఉంటాను.

శుక్రవారం సమావేశంలో ఆ ఫారం చదివాను. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం అదే మొదటిసారి.

"విహంగ భాగం," అన్నారు. "అయ్యా, మనం వెతుకుతున్నది ఇదే. అంచనాలు, సూచీలు, సిద్ధాంతాలు అన్నీ కూలిపోతున్న ఈ అనిశ్చిత కాలంలో, ఒక నిరక్షరాస్యురాలు రెండు సెంట్లలో విశ్వ ఆర్థిక శాస్త్రాన్ని రచించింది."

నాకు కాస్త భయమేసింది. "సార్, ఆమె నడుము నొప్పి వల్ల వదిలానని చెప్పింది," అని ఉన్నమాట చెప్పేశాను.

"అదే కదా," అన్నారాయన, నా అజ్ఞానాన్ని క్షమిస్తున్నట్టు. "శ్రమ, దేహం, ప్రకృతి. ఈ మూడూ కలిసే చోటే నడుము. రాసుకోండి."

రాసుకున్నాను.

ఆ తర్వాత అంతా చట్టప్రకారం జరిగింది. అందుకే ఎవరూ ఆపలేకపోయారు. మండలం లక్ష్యం రెండు వందల యాభై సెంట్లు. దొరికింది రెండు. మిగతా రెండు వందల నలభై ఎనిమిది ఎక్కడి నుంచి తేవాలన్నది పునరాలోచనకు వచ్చింది. సంస్కృతి లేదని రాసిచ్చిన భూముల్లో కొత్తగా సంస్కృతి పుట్టించడం నిబంధనలకు విరుద్ధం. సంస్కృతి ఉన్న భూమిలో దాన్ని విస్తరించడానికి మాత్రం అభ్యంతరం లేదు. మండలంలో అలాంటి భూమి ఒక్కటే ఉంది. దాని మొత్తం విస్తీర్ణం రెండెకరాల యాభై సెంట్లు, అంటే రెండు వందల యాభై. లెక్క ఒక్క సెంటు తేడా లేకుండా సరిపోయింది. ఆఫీసులో లెక్క సరిపోయిందంటే ఇక ఎవరూ పొలం వంక చూడరు.

ఉత్తర్వు నేనే టైపు చేశాను. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, సదరు భూమి సంపూర్ణ విహంగ భాగముగా ప్రకటించడమైనది. అడంగల్‌లో అనుభవదారు గడి యందు కుళ్ళాయమ్మ అను పేరును తొలగించి విహంగములు అని చేర్చవలెను. సదరు కుళ్ళాయమ్మ సంరక్షకురాలిగా కొనసాగుచు, ఎప్పటివలెనే దున్ని, విత్తి, కలుపు తీయవలెను. కోయరాదు.'

అభ్యంతరాలు వినే రోజు కుళ్ళాయమ్మ పాసుపుస్తకం కొంగులో చుట్టుకుని వచ్చింది. అధ్యక్షుల ఎదురుగా కుర్చీ వేయించారు. ఆమె కూర్చోలేదు.

"ఇంట్లో అయిదుగురం సారూ. ఆ జొన్నలే సంగటి, ఆ జొన్నలే రొట్టె. సొప్ప ఎనుములకి. అంతా పిట్టలకి రాసిస్తే మేం ఏం తినాల?"

"అమ్మా, మీరు దీనిని సంకుచిత దృష్టితో చూడరాదు," అన్నారు పరాంకుశం గారు. "ఇంతకాలం మీరు భూమికి యజమాని. ఇప్పుడు మీరు ఒక విలువకు సంరక్షకురాలు. మీ స్థాయి పెరిగినది."

"స్థాయి తినేదానికి రాదు కదా సారూ."

"అనిశ్చిత కాలంలో ఎవరికి ఏది వచ్చునో ఎవరు చెప్పగలరు?"

కుళ్ళాయమ్మ నావైపు తిరిగింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చదువుకున్నవాడివి నువ్వైనా చెప్పు అన్నట్టు చూసింది. నేను మినిట్స్ పుస్తకంలోకి చూస్తూ, అభ్యంతరములు వినడమైనది అని రాశాను.

అక్టోబరులో ఆమె విత్తింది. విత్తకపోతే సంరక్షణలో నిర్లక్ష్యం కింద ఆ సంరక్షకురాలన్న పేరు కూడా పోతుందని నోటీసు వెళ్ళింది. అది కూడా నా టైపే. జొన్న బాగా వచ్చింది. జనవరికి గింజ పాలు పోసుకుని, కంకులు బరువుకి వంగాయి. పిట్టలు వచ్చాయి. అప్పుడు మండలికి కొత్త చిక్కు వచ్చిపడింది.

వచ్చిన పిట్టలన్నీ అర్హులేనా?

పథకం మా మండలానిది. లబ్ధిదారులు మా మండలం వాళ్ళే అయి ఉండాలి. పిట్టల నివాసం తేల్చే పని మస్తాన్ మీద పడింది. అతను వారం రోజులు మెడ పైకెత్తి చెట్ల కింద తిరిగి, మెడ పట్టేసి, నివేదిక ఇచ్చాడు. చిలకలు ఫలానా చోటివని చెప్పలేం. పిచ్చుకలు ఊరివే. గిజిగాళ్ళు మాత్రం బావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకి గూళ్ళు కట్టుకున్నాయి. ఆ చెట్టు మొదలు మా మండలంలో ఉంది. కొమ్మలు, గూళ్ళు, బావి పక్క మండలంలోకి వస్తాయి.

"గూడు ఎక్కడ ఉన్నచో నివాసం అక్కడే," అని తేల్చారు పరాంకుశం గారు. "గిజిగాళ్ళు అనర్హులు."

"సార్, రెండు సాళ్ళూ ఎక్కువగా తినేది అవే కదా," అన్నాడు మస్తాన్ మెడ తిప్పకుండా.

"అందువలననే ఇంతకాలం నిజమైన లబ్ధిదారులకు అన్యాయం జరిగినది."

అనర్హులు చొరబడకుండా రెండున్నర ఎకరాల మీదా వల కప్పించారు. అర్హులు లోపలికి వెళ్ళడానికి తూర్పు గట్టు వైపు ఒక తలుపు పెట్టారు. ఆ తలుపు పది గంటల నుంచి అయిదు గంటల దాకా తెరిచి ఉంటుంది. ప్రభుత్వ సెలవు దినాల్లో తెరవరు. పిట్టలు తెల్లారగట్లా, పొద్దుగూకే ముందూ మేతకి వస్తాయన్న సంగతి మండలిలో ఎవరికీ తెలీదు. తెలిసిన కుళ్ళాయమ్మని ఎవరూ అడగలేదు. ఆమెకి మంచె మీద కూర్చుని అనర్హులైన పిట్టల్ని తోలే బాధ్యత ఇచ్చారు. వల బయట కరెంటు తీగ మీద పిట్టలు వరసగా కూర్చున్నాయి. మంచె మీద ఆమె కూర్చుంది. మధ్యలో కంకులు ఎండుతున్నాయి. తినే హక్కు ఉన్నవాళ్ళకి దారి లేదు. పండించిన మనిషికి హక్కు లేదు.

ఒకరోజు తనిఖీకి వెళ్ళినప్పుడు ఆమె మంచె దిగి వచ్చి నాకు చెంబుతో నీళ్ళిచ్చింది.

"పోయినేడు జొన్నలు నిన్నటితో అయిపోయినాయి సారూ," అంది. అంతా నావల్లేనని అనలేదు. నేను ఆ నీళ్ళు తాగాను.

ఆ వారం నా సర్వీసులో మొదటిసారి ఎవరూ అడగకుండా నోట్ పెట్టాను. మండలికి జాలి గురించి రాస్తే ఏ గడిలో పెట్టాలో తెలీదు కాబట్టి, వాళ్ళ భాషలోనే రాశాను. సదరు ఆచారం ప్రకారం చేను ఒకరిది, చివరి రెండు సాళ్ళు మరొకరివి. ఇప్పుడు చేను విహంగములది గనుక, చివరి రెండు సాళ్ళు మానవులకు వదలకపోతే ఆచారభంగం అవుతుంది.

పరాంకుశం గారు ఆ నోట్ మూడుసార్లు చదివారు. "పరస్పర సాంస్కృతిక న్యాయం," అని పేరు పెట్టి, కళ్ళు తుడుచుకుని సంతకం చేశారు. రెండున్నర ఎకరాలు పోయిన మనిషికి రెండు సెంట్లు ఇప్పించగలిగాను. ఆ సాయంత్రం నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రెండు సాళ్ళ కోతని ఉత్సవంగా జరపాలన్నారు. షామియానా, మైకు, మెళ్ళో కండువాలు. ముందురోజు ఏర్పాట్లు చూడ్డానికి వెళ్ళి, ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను. అప్పుడు కనబడింది ఫారం 7-క వెనక వైపున్న తొమ్మిదో నిబంధన. నేనే టైపు చేశాను గానీ, ఏనాడూ చదవలేదు. 'కోత ముగిసిన పిదప జరుగు తనిఖీలో, కోత జరిగిన భాగమందు కోయకుండా వదిలిన పైరు ఎచ్చటనూ కానరానిచో, సదరు భూమి యందు సంస్కృతి లేనట్లుగా భావించి, రికార్డులను పూర్వస్థితికి తేవలెను.'

మంచె దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళాను.

"అక్కా, రేపు నీ సాళ్ళు కోసేటప్పుడు ఒక్క కంకి కూడా వదలొద్దు. మొత్తం కోసెయ్యి. మిగిలింది సున్నా అయితే చేను మళ్ళీ నీ పేరు మీదికొస్తుంది."

ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.

"పిట్టలకి ఏమీ ఇడవకూడదా?"

"వదలకూడదు."

"మా మామ ఉన్నెప్పటి నుంచీ అట్ల ఎప్పుడూ కోయలేదు సారూ," అంది. తీగ మీద పిట్టల వైపు చూసి, "సరేలే," అంది.

మర్నాడు పది గంటలకి ఉత్సవం మొదలైంది. పరాంకుశం గారు అరగంట మాట్లాడారు. భూమి గురించి, మానవుడు ప్రకృతి ముందు చేయి చాచవలసిన అవసరం గురించి. ఆయన చెబుతున్నంతసేపూ కుళ్ళాయమ్మ వల పక్కన తన రెండు సాళ్ళ మొదట్లో కొడవలి పట్టుకుని నిలబడింది. చప్పట్లయ్యాక వంగి కోత మొదలుపెట్టింది.

ఆ సాళ్ళ మీంచి వల ఆ పొద్దునే తీయించారు. కోసుకుంటూ, కట్ట కట్టుకుంటూ, చివరికంటా వచ్చింది. ఇంకో పది బారలు ఉందనగా ఆగింది. ఎడమ చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. కావాలని ఆగిందో, ముప్పై అయిదేళ్ళుగా అక్కడ ఆగే వొళ్ళు దానంతట అదే ఆగిందో నాకు తెలీదు. ఆమె ఆగగానే తీగ మీది పిట్టలు ఒక్కసారిగా లేచి ఆ పది బారల మీద వాలాయి. గిజిగాళ్ళు, చిలకలు, పిచ్చుకలు, అర్హులు, అనర్హులు, అన్నీ. రెండు వారాల ఆకలి. కంకులు వాటి బరువుకి ఊగాయి.

షామియానా కింద అందరూ లేచి నిలబడ్డారు. నాక్కూడా ఒక్క క్షణం కళ్ళు చెమర్చాయి.

"చూశారా," అన్నారు పరాంకుశం గారు మైకులో, నెమ్మదిగా. "తనకు దక్కిన రెండు సెంట్లలోనూ వదిలినది. సంస్కృతి సజీవంగా ఉన్నది. మస్తాన్, కొలవండి."

మస్తాన్ గొలుసు తీశాడు. లంకెకి లంకె తగిలి అది చప్పుడు చేసింది.

ఆ చప్పుడుకి కుళ్ళాయమ్మ తల తిప్పింది. గొలుసుని చూసింది, నన్ను చూసింది. తర్వాత పిట్టల్ని చూసింది. అంతసేపు ఎవరైనా పిట్టల్ని చూడ్డం నేనెప్పుడూ చూళ్ళేదు. నడుం మీంచి చెయ్యి తీసి, "హోయ్" అని ఒక్క కేక వేసింది. పిట్టలన్నీ లేచిపోయాయి. వంగి, ఆ పది బారలూ నేల దాకా కోసేసింది. ఆఖరి మొక్క దగ్గర మాత్రం కొడవలి కాస్త ఆలస్యమైంది. దాన్ని కూడా కోసి కట్టలో పెట్టింది.

మస్తాన్ గొలుసు పట్టుకుని కోసిన నేల మీద నిలబడ్డాడు. కొలవడానికి ఏమీ లేదు. నేను తొమ్మిదో నిబంధన పైకి చదివాను. ఉత్సవంలో తనిఖీ అధికారిని నేనే. ఫారం మీద సున్నా వేసి, అక్కడికక్కడే అధ్యక్షుల సంతకానికి పెట్టాను. నిబంధన ఆయనదే కాబట్టి కాదనలేకపోయారు.

నెల తిరక్కుండా అడంగల్‌లో విహంగములు పోయి కుళ్ళాయమ్మ వచ్చింది. వల తీసేశారు. అప్పటికి గింజ సగం నేల రాలింది. మిగిలింది ఆమె కోసుకుంది, చివరి మొక్క దాకా. మండలి వార్షిక నివేదికలో ఒక పేజీ కేటాయించి ఇలా రాశాం: 'రైతులలో తగిన చైతన్యం లేనందున, విహంగ భాగం వంటి ప్రాచీన ఆచారములు అంతరించిపోవుట మిక్కిలి విచారకరం. కారణములు అన్వేషించుటకు ఉపసంఘం నియమించడమైనది.' దాని కార్యదర్శిని కూడా నేనే.

ఈ ఫిబ్రవరిలో మళ్ళీ ఫారం 7-క పట్టుకుని ఆ ఊరు వెళ్ళాను. కుళ్ళాయమ్మ చేను గట్టు నుంచి గట్టు దాకా బోసిగా కోసి ఉంది. చివర నిలబడి చాలాసేపు చూశాను. ఒక్క పిట్ట లేదు. ఆమె ఇంట్లో ఉందన్నారు.

వసారాలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఫారం తీసి, "చేలో ఏమన్నా వదిలావా అక్కా?" అని అడిగాను.

"యాడిది సారూ, అంతా కోసేసినాం," అంది, చాట మీంచి తల ఎత్తకుండా.

ఇంటి వెనకాల గొడ్లపాక వైపు నుంచి రెక్కల చప్పుడు వినబడుతోంది. లేచి అటు వెళ్ళాను. ఆమె చాట పక్కన పెట్టి గబగబా నా వెనకే వచ్చింది. పాక వెనక, దారిన పోయేవాళ్ళకి కనబడని మూల, చూరుకి వరసగా జొన్న కంకులు కట్టి ఉన్నాయి. రెండు సాళ్ళ పంటంత ఉంటుంది. గిజిగాళ్ళు తలకిందులుగా వేలాడుతూ తింటున్నాయి. మమ్మల్ని చూసి కూడా లేవలేదు.

కుళ్ళాయమ్మ నా చేతిలో ఫారం వైపు చూసింది. మొహం పాలిపోయింది. దొంగసరుకుతో పట్టుబడిన మనిషిలా ఉంది.

"రాస్తావా సారూ?"

నేను జేబులోంచి పెన్ను తీశాను. మొదటి గడిలో, ఈ భూమిలో సంస్కృతి కలదా లేదా అన్నచోట, పెద్ద అక్షరాలతో 'లేదు' అని రాసి, ఆమెకి చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నాను.